మామ సైకిల్‌కి ఫిక్స్‌డ్ గేరు: తిరుపతి నుంచి ఆరు నెలల డైరీ

ఆగస్టు 4

మా మామ సైకిల్ ఎన్నో ఏళ్లుగా మేడ మీద గదిలో గోడకి ఆనించి ఉంది. బీఎస్ఏ ఎస్ఎల్ఆర్. మద్రాసు పక్కన అంబత్తూరులో టీఐ సైకిల్స్ వాళ్లు తయారు చేసిన బండి. చంద్రగిరి నుంచి ఇక్కడ గాంధీ రోడ్డులోని బట్టల కొట్టుకి మామ రోజూ దాని మీదే వచ్చిపోయేవాడు. టైర్లు పగుళ్లు తీశాయి, హ్యాండిల్ మీద క్రోమింగ్ లేచిపోయింది. ఫ్రేము మాత్రం పానాతో తట్టి చూస్తే ఇప్పటికీ ఖంగుమంటోంది. తుప్పు గీకి చూశాను. పైపైనే ఉంది, ఎక్కడా లోపలికి తినలేదు.

దీన్ని ఫిక్స్‌డ్ గేరు చేస్తున్నాను. తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మామూలు సైకిల్‌లో వెనక చక్రానికి ఫ్రీవీల్ ఉంటుంది. తొక్కడం ఆపితే అది టకటకలాడుతుంది, చక్రం తన పాటికి తను పోతుంది. ఫిక్స్‌డ్ గేరులో ఆ ఫ్రీవీల్ ఉండదు. పళ్ల చక్రం, అంటే కాగ్, నేరుగా హబ్బుకే, అంటే చక్రం నడిమి భాగానికే, బిగించి ఉంటుంది. చక్రం తిరిగినంతసేపూ పెడల్స్ తిరుగుతాయి, కాళ్లూ తిరగాల్సిందే. వేగం తగ్గించాలంటే పెడల్స్‌ని కాళ్లతో వెనక్కి అదిమి పట్టాలి.

మామకి ఫోన్ చేసి అడిగాను. "ఊరికే తుప్పు పడతా ఉండేదే కదరా, చేసుకో. బ్రేకులు మాత్రం పీకేయొద్దు" అన్నాడు. అమ్మకి మాత్రం ఇష్టం లేదు. వాడి సైకిల్ ముక్కలు చేస్తావా అని రెండు రోజులు అడుగుతూనే ఉంది.

ఆగస్టు 18

మొత్తం విప్పేశాను. మడ్‌గార్డులు, చైన్ కవరు, క్యారియర్, స్టాండు అన్నీ తీసేస్తే మిగిలిన ఫ్రేము పని చేయడానికి చాలా హాయిగా ఉంది.

ఫిక్స్‌డ్ గేరుకి ఏ ఫ్రేము పడితే అది పనికిరాదు. వెనక ఇరుసు కూర్చునే చీలిక అడ్డంగా ఉండాలి, ఇరుసుని ముందుకీ వెనక్కీ జరపగలగాలి. చైను బిగువు సరిచేసుకోవడానికి ఇందులో వేరే దారి లేదు. ఈ రోజుల గేర్ల సైకిళ్లలో చాలావాటికి చీలిక నిలువుగా కిందికి ఉంటుంది, వాటితో తంటా. మామ ఫ్రేముకి చీలిక వెనక్కి తెరుచుకుని ఉంది, చైన్ అడ్జస్టర్లు కూడా ఉన్నాయి. పైగా ఇది స్టీలు. ఆ సంగతి తర్వాత అక్కరకొచ్చింది.

బీబీ (ఫ్రేములో పెడల్స్ ఇరుసు తిరిగే చోటు) కప్పులు విప్పేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన మాట ఒకటి: కుడివైపు కప్పుకి ఎడమ మర. మామూలుగా విప్పినట్టు తిప్పితే ఇంకా బిగుస్తుంది. ఎడమ పెడల్‌కీ అంతే, ఎడమ మర. ఈ రెండూ తెలియక పానాకి పైపు తొడిగి తొక్కినవాళ్లని చూశాను. మర చెడితే ఫ్రేమే పోతుంది.

కప్పుల్లో గ్రీజు నల్లటి బంకలా తయారైంది. కిరోసిన్‌లో రాత్రంతా నానబెట్టాను.

సెప్టెంబర్ 1

డబ్బు మిగులుతుందని పాత హబ్బుతోనే ప్రయత్నించాను. ఇది పొరపాటు. ఎలా జరిగిందో వివరంగా రాస్తాను, ఇంకొకరు చేయకూడదని.

ముందు ఒక షాపుకి వెళితే "ఫ్రీవీల్‌కి వెల్డింగ్ పెట్టిస్తే అయిపోతాది, వంద రూపాయల పని" అన్నారు. మన ఊళ్లలో ఫిక్స్‌డ్ అంటే ఎక్కువమంది చేసేది ఇదే. అది నాకు నచ్చలేదు. ఇంట్లో కూర్చుని లెక్క వేశాను. ఫ్రీవీల్ ఎక్కే మర 1.37 అంగుళాలు, అంగుళానికి 24 మరలు. ట్రాక్ (పందెం సైకిల్) కాగ్‌కీ సరిగ్గా అదే మర. కాబట్టి పాత హబ్బు మీద ఫ్రీవీల్ బదులు కాగ్ ఎక్కుతుంది. దాని మీద బీబీ లాక్‌రింగ్, అంటే కప్పు కదలకుండా బిగించే రింగు, కూడా అదే మర మీద ఎక్కుతుంది. కాగ్ ఎక్కించి, రింగు బిగించి, బాగానే ఉందనుకున్నాను.

కొర్లగుంటలో నేను ఎప్పుడూ వెళ్లే సైకిల్ షాపు అన్నకి చూపించాను. ఆయన వేలితో రింగుని ఒకసారి తట్టి, "ఇది కూడా కుడి మరే కదా సామీ. నువ్వు ఎనక్కి తొక్కితే రెండూ కలిసి ఊడొస్తాయి" అన్నాడు. గట్టిగా బిగించాను లెండి అన్నాను.

సెప్టెంబర్ 8

అన్న చెప్పినట్టే అయింది.

పొద్దున ఆరింటికి కపిలతీర్థం వైపు నుంచి ఊళ్లోకి దిగుతున్నాను. అక్కడి వాలు పెద్దదేమీ కాదు కానీ, సైకిల్ తనంతట తనే వేగం అందుకుంటుంది. ముందు ఆవు అడ్డం వస్తే కాళ్లతో వెనక్కి అదిమాను. ఒక్క క్షణం పట్టు దొరికింది. తర్వాత కడక్‌మని చప్పుడొచ్చి, పెడల్స్ ఉత్తిగా వెనక్కి తిరిగిపోయాయి. కాగూ రింగూ రెండూ కలిసి మర మీద వదులైపోయాయి. ముందు బ్రేకు ఉండబట్టి ఆగాను. చేతులు వణుకు తగ్గడానికి పావుగంట పట్టింది, గుడి ఎదురుగా అరుగు మీద కూర్చున్నాను.

అదే వారంలో ఇంకో గొడవ. ఎడమ క్రాంకు, అంటే పెడల్ ఉండే కాడ, కదలడం మొదలైంది. పాత సైకిళ్లకి క్రాంకుని ఇరుసుకి పట్టి ఉంచేది కాటర్ పిన్ను. మామూలు సైకిల్‌లో బలం ఎప్పుడూ ఒకే దిక్కున పడుతుంది కాబట్టి అది ఏళ్ల తరబడి నిలుస్తుంది. ఫిక్స్‌డ్ గేరులో ముందుకు ఒకసారి, వెనక్కి ఒకసారి. ఆ ఊపుకి పిన్ను అరిగి, క్రాంకు టక్ టక్ అనడం మొదలెడుతుంది. రెండుసార్లు కొత్త పిన్ను సుత్తితో కొట్టి బిగించాం. నాలుగు రోజులకే మళ్లీ అదే చప్పుడు.

వెల్డింగ్ ఎందుకు పనికిరాదో కూడా ఆ రోజే బాగా అర్థమైంది. వెల్డింగ్ ఫ్రీవీల్ లోపలి తిరుగుడుని ఆపుతుంది, అంతే. ఆ ఫ్రీవీల్ మొత్తంగా హబ్బు మీద కుడి మరతోనే కదా ఉంది. వెనక్కి అదిమితే అది కూడా కాగ్ లాగే విప్పుకుంటుంది. పైగా దాని మీద రింగు కూడా ఉండదు.

సెప్టెంబర్ 22

ట్రాక్ హబ్బు తెప్పించాను. రెండు వైపులా మర ఉన్నది, ఒకవైపు కాగ్‌కి, ఇంకోవైపు ఫ్రీవీల్‌కి. హబ్బులు, కాగ్, లాక్‌రింగ్ కలిపి నాలుగు వేలు దగ్గర పడింది. ఈ ప్రాజెక్టులో ఎక్కడ పొదుపు చేసినా ఇక్కడ మాత్రం చేయకూడదు.

ఈ హబ్బులో కిటుకు చాలా చిన్నది, చాలా గొప్పది. కాగ్ కూర్చునే మర కుడిది. దాని పక్కనే కొంచెం చిన్న మెట్టు ఉంటుంది, 1.29 అంగుళాలది, దానికి ఎడమ మర. లాక్‌రింగ్ ఆ మెట్టు మీద ఎక్కుతుంది. మనం వెనక్కి అదిమినప్పుడు కాగ్ విప్పుకోవాలని చూస్తుంది. విప్పుకుంటూ రింగుని కూడా తనతో తిప్పుతుంది. అయితే రింగుది ఎడమ మర కాబట్టి ఆ దిక్కున తిరిగితే అది బిగుస్తుంది. కాగ్‌ని విప్పే బలమే రింగుని బిగిస్తుంది. రెండు మరలు ఒకదాన్నొకటి కాపలా కాస్తాయి. నేను పాత హబ్బు మీద పెట్టిన రింగుకి ఈ గుణమే లేదు.

ఒక చిక్కు: ట్రాక్ హబ్బు వెడల్పు 120 మిల్లీమీటర్లు. మామ ఫ్రేములో చీలికల మధ్య దూరం 110. ఇక్కడే స్టీలు కలిసొచ్చింది. అల్యూమినియం ఫ్రేము అయితే ఈ పని చేయనే కూడదు. పొడుగాటి థ్రెడ్ రాడ్‌కి రెండు నట్లు, రెండు వాషర్లు వేసి, చీలికల మధ్య పెట్టి నట్లని బయటికి తిప్పుతూ కొద్దికొద్దిగా తెరిచాం. స్టీలు వెనక్కి లాగుతుంది, అనుకున్నదానికంటే చాలా ఎక్కువ తెరిచి వదిలితే కానీ 120 దగ్గర నిలవలేదు. తొందరపడకుండా, ప్రతిసారీ కొలుస్తూ గంటన్నర చేశాం.

తర్వాత దారం పరీక్ష. ఒక చీలికకి దారం కట్టి, ముందు హెడ్ ట్యూబు (హ్యాండిల్ దిగే గొట్టం) చుట్టూ తిప్పి, ఇంకో చీలికకి తెచ్చి బిగువుగా కట్టాలి. సీట్ ట్యూబుకి రెండు వైపులా దారం ఎంత దూరంలో ఉందో కొలవాలి. రెండూ సమానంగా ఉండాలి. నాకు మూడు మిల్లీమీటర్లు తేడా వచ్చింది, అంటే ఒక పక్కే ఎక్కువ వంగింది. అన్న ఆ కాడని మోకాలితో అదిమి సరిచేశాడు. నేనైతే అంత ధైర్యం చేసేవాణ్ని కాదు.

అక్టోబర్ 6

చక్రాలు కట్టాం. పాత రిమ్ములు స్టీలువి, 26 ఇంటూ 1 3/8 సైజు. తడిస్తే బ్రేకు రబ్బరు వాటి మీద జారుతుంది. నవంబరులో తిరుపతిలో ఎలాంటి వానలు పడతాయో 2021లో చూశాం కాబట్టి, వాటిని పక్కన పెట్టి 700సీ సైజు అల్యూమినియం రిమ్ములు, 28 మిల్లీమీటర్ల టైర్లు తీసుకున్నాను. మడ్‌గార్డులు తీసేశాం కదా, ఫ్రేములో సరిపోయాయి. చక్రం ముందుకంటే తొమ్మిది మిల్లీమీటర్లు ఎత్తు పెరిగింది. అది కూడా మంచికే. ఫిక్స్‌డ్ గేరులో మలుపు తిరిగేటప్పుడు కూడా పెడల్ కిందికి వస్తూనే ఉంటుంది, నేలకి తగిలితే పడిపోతాం. ఎత్తు ఎంత ఉంటే అంత మేలు. ఇదే కారణానికి క్రాంకు కూడా 170 బదులు 165 మిల్లీమీటర్లది తీసుకున్నాను, కాటర్ పిన్ను లేని స్క్వేర్ టేపర్ రకం, అంటే నలుచదరపు ఇరుసు కొన మీద బోల్టుతో బిగించేది.

ఈ హబ్బుకి రెండు పక్కలా అంచులు సమదూరంలో ఉంటాయి కాబట్టి రెండు వైపుల పుల్లలూ ఒకే పొడవు, ఒకే బిగువు. గేర్ల సైకిల్ వెనక చక్రంలో ఉండే వంకర ఇందులో ఉండదు, అందుకే గట్టిగా నిలుస్తుంది. 36 పుల్లలు, ఒక్కో పుల్ల మూడు పుల్లల్ని దాటి. పుల్లలు నేను ఎక్కించాను, ఔట్, అంటే చక్రం వంకర, మాత్రం అన్న తీశాడు. రిమ్ముకి సుద్దముక్క ఆనించి తిప్పుతూ, గీత పడిన చోట నిపుల్ పావు తిప్పు. ఆయన చేతుల్ని చూస్తూ కూర్చోవడమే ఒక చదువు.

పాత బ్రేకు చేతులు పొడుగైపోయి రబ్బర్లు కొత్త రిమ్ము కిందకి పోయాయి. ముందూ వెనకా కొత్త బ్రేకులు వేశాం. బ్రేకుల్లేకుండా ఫిక్సీ (ఫిక్స్‌డ్ గేరు సైకిల్) తొక్కడం గొప్ప అనుకునే కుర్రాళ్లు ఉన్నారు. వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ పందేల ట్రాక్ మీద, పందెం సైకిళ్లకి బ్రేకులుండవు, నిజమే. అక్కడ అందరూ ఒకే దిక్కున పోతారు, అడ్డం వచ్చేవాళ్లుండరు. లీలామహల్ సర్కిల్లో సాయంత్రం ఆరింటికి ఆటోలు, బస్సులు, తలనీలాలిచ్చి దారి వెతుక్కునే యాత్రికులు ఉంటారు. ముందు బ్రేకు లేని ఫిక్సీని రోడ్డు మీదికి తేవద్దు. చైను తెగినా, రింగు వదిలినా మిగిలేది అదొక్కటే.

అక్టోబర్ 20

ఈ రోజంతా చైను పనే.

గేరు: ముందు 44 పళ్లు, వెనక 17. పెడల్ ఒక చుట్టు తిరిగితే సైకిల్ సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది. నిమిషానికి 80 చుట్లు తొక్కితే గంటకి 26 కిలోమీటర్ల పైచిలుకు. ఊళ్లోంచి అలిపిరి వైపు ఎక్కేటప్పుడు మోకాళ్ల మీద భారం పడదు, దిగేటప్పుడు కాళ్లు అందుకోలేనంత వేగం రాదు. 48, 16 పెట్టుకోమని ఒక స్నేహితుడు చెప్పాడు. అది సరిగ్గా మూడు రెట్లు. కాళ్లతో చక్రాన్ని బిగబట్టి జార్చి ఆపేవాళ్లకి అది టైరు తినేస్తుంది, ఎందుకంటే కాళ్లు ఒకే స్థితిలో ఉన్న ప్రతిసారీ టైరు అదే చోట నేలకి రాసుకుంటుంది. 44, 17లో ఆ రాపిడి 17 చోట్లకి పంచుకుంటుంది.

చైన్ లైను: ముందు పళ్లూ వెనక పళ్లూ ఫ్రేము నడిమి గీత నుంచి ఒకే దూరంలో ఉండాలి. వెనక 42 మిల్లీమీటర్లు వచ్చింది. ముందు 45న్నర. బీబీ యాక్సిల్ 110ది తీసి 103ది వేస్తే సరిపోయింది. మామూలు సైకిల్‌లో రెండు మూడు మిల్లీమీటర్లు తేడా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. ఇందులో చైను ఊడితే చక్రంలో ఇరుక్కుని వెనక చక్రం ఒక్కసారిగా బిగుసుకుపోవచ్చు.

చైను మాత్రం ఊళ్లో ఏ షాపులోనైనా దొరికే 1/8 అంగుళం వెడల్పుది చాలు.

బిగువు గురించి నిదానంగా చెప్పాలి. ముందు పళ్ల చక్రం ఎప్పుడూ ఖచ్చితమైన గుండ్రంగా ఉండదు. పెడల్ మెల్లగా తిప్పుతుంటే ఒకచోట చైను బిగుస్తుంది, ఒకచోట వదులవుతుంది. అన్నిటికంటే బిగువుగా ఉన్న చోటు పట్టుకుని, అక్కడ చైను మధ్యలో వేలితో పైకీ కిందికీ కదిపితే మొత్తం అర అంగుళం ఆడాలి. అంతకంటే బిగిస్తే బేరింగులు అరుగుతాయి, తొక్కుతుంటే గరగరమంటుంది. అంతకంటే వదిలితే చైను ఊడుతుంది. ఈ కొలత కుదిరాక నట్లు బిగిస్తుంటే ఇరుసు ముందుకు జరుగుతుంది, మళ్లీ మొదటికి. చైన్ అడ్జస్టర్లు ఉండటం వల్ల నాకు మూడోసారికే కుదిరింది.

కాగ్‌కి మర మీద పలుచగా గ్రీజు రాసి బిగించాం. అన్న దగ్గర చైన్ విప్ (చైను ముక్కతో కాగ్‌ని పట్టి తిప్పే పనిముట్టు) లేదు. పాత చైను ముక్కని ఇనుప పట్టీకి రెండు బోల్టులతో బిగించి అప్పటికప్పుడు తయారు చేశాడు. లాక్‌రింగ్‌కి మాత్రం కొక్కెం పానా కొన్నాను. రింగు గాళ్లలో స్క్రూడ్రైవర్ పెట్టి సుత్తితో కొడితే గాడి అంచులు చితికిపోతాయి, తర్వాత ఏ పానా పట్టదు.

అక్టోబర్ 27

తొలి సవారీ. యూనివర్సిటీ లోపలి రోడ్ల మీద, ఐదున్నరకి, జనం లేని వేళ.

కాళ్లకి అలవాటైన విశ్రాంతి ఇందులో లేదు. స్పీడ్ బ్రేకర్ చూసి నా కాళ్లు తమంతట తామే ఆగబోయాయి. పెడల్ నన్ను సీటు మీంచి పైకి లేపేసింది. గుండె ఝల్లుమంది. మూడు రోజులు చాలా మెల్లగా తొక్కాను, కాళ్లు ఆ సంగతి నేర్చుకునేదాకా.

పెడల్స్‌కి పాదాల్ని పట్టి ఉంచే పట్టీలు తప్పకుండా ఉండాలి. వాలులో పాదం పెడల్ మీంచి జారితే మళ్లీ దాన్ని పట్టుకోవడం కష్టం, తిరిగే పెడల్ పిక్కని కొడుతుంది. ఆగి బయల్దేరేటప్పుడు పెడల్‌ని వెనక్కి తిప్పుకోలేం కాబట్టి, ముందు బ్రేకు పట్టి వెనక చక్రాన్ని కొంచెం ఎత్తి, పెడల్‌ని కావలసిన చోటికి తెచ్చుకోవాలి. కుడి ప్యాంటు అంచుని మడిచి క్లిప్పు పెట్టాలి. లుంగీతో ఈ సైకిల్ ఎక్కకూడదు.

అలిపిరి దాకా రెండుసార్లు ఎక్కి దిగి ఇంటికొచ్చి లాక్‌రింగ్‌కి పానా వేస్తే ఇంకో ఎనిమిదో వంతు తిరిగింది. ఎక్కుడులో కాగ్ ఇంకా లోపలికి కూర్చుంటుంది, దాని వెనక రింగుకి ఖాళీ ఏర్పడుతుంది. కొత్తగా బిగించిన ప్రతి కాగ్‌కీ మొదటి రెండు మూడు సవారీల తర్వాత ఇది చేయాలి. మర్చిపోతే మర తినేస్తుంది.

నవంబర్ 17

వానలు. తిరుచానూరు రోడ్డులో మోకాలి దాకా కాకపోయినా పెడల్ దాకా నీళ్లు. ఇంటికి రాగానే సైకిల్ తలకిందులు చేసి, సీటు పోస్టు తీసి ఫ్రేములోంచి నీళ్లు వంచేశాను. ఓ అర గ్లాసు వచ్చాయి. పాత ఫ్రేములు లోపలి నుంచే తుప్పు పడతాయి.

చైను తుడిచేటప్పుడు చాలా జాగ్రత్త. ఫ్రీవీల్ ఉన్న సైకిల్‌కి వేలు ఇరుక్కుంటే చక్రం వదిలేస్తుంది. దీనికి అలా కాదు. తిరుగుతున్న చక్రం బరువంతా వేలిని పళ్ల మధ్యకి లాగేసుకుంటుంది. వేళ్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. చక్రాన్ని ఊపి వదిలి గుడ్డ పట్టుకునే అలవాటు పూర్తిగా మానాలి. నేను ఒక చేత్తో పెడల్‌ని మెల్లగా తిప్పుతూ, చైను పళ్లలోంచి బయటికి వచ్చే వైపు మాత్రమే గుడ్డ పడతాను. లోపలికి వెళ్లే వైపు ఎప్పుడూ కాదు. పక్కింటి పిల్లలు చూడ్డానికి వస్తే పని ఆపేస్తాను.

నూనె: కొబ్బరి నూనె వద్దు, బంకగా పేరుకుంటుంది. షాపుల్లో పోసే కాలిన ఇంజన్ ఆయిల్‌కి దుమ్మంతా అంటుకుంటుంది. ఒక్కో లింకుకి ఒక్క చుక్క చైన్ ఆయిల్ వేసి, పది నిమిషాలాగి, పైన కనిపించేదంతా తుడిచేయడమే.

డిసెంబర్ 22

చైను కొలిచాను. స్టీలు స్కేలు పెట్టి ఒక పిన్ను నుంచి దాని తర్వాత 24వ పిన్ను దాకా దూరం చూస్తే కొత్త చైనుకి సరిగ్గా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో 16వ వంతు పెరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు దాకా వదిలేస్తే కాగ్ పళ్లు కూడా పోయినట్టే. నాది వెంట్రుకవాసి కూడా పెరగలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం పావుగంట. ఇరుసు నట్లకి 15 నంబరు పానా, రింగుకి కొక్కెం పానా, చైను బిగువు, క్రాంకు బోల్టులు, పట్టీల కుట్లు, పుల్లల్ని జంటగా నొక్కి వదులు చూడటం. ఈ సైకిల్‌లో ఎక్కడ వదులున్నా కాళ్లకి వెంటనే తెలుస్తుంది. ముందుకీ వెనక్కీ మారే చోట టక్ మని చిన్న దెబ్బ. ఆ దెబ్బ తెలిసిన రోజు దాన్ని కనిపెట్టేదాకా బయటికి తీయను. పోయిన వారం అది ఎడమ క్రాంకు బోల్టు.

జనవరి 16

కనుమకి మామ వచ్చాడు. రంగంపేట పశువుల పండగ చూసి, సాయంత్రం ఇంటికొచ్చి, సైకిల్ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఫ్రేముకి పాత రంగు అలాగే ఉంచాను, గీకలేదు. హెడ్ ట్యూబు మీద బీఎస్ఏ బొమ్మని బొటనవేలితో రుద్దాడు. "ఒకసారి తొక్కనా?" అన్నాడు.

అరవై ఎనిమిదేళ్ల మనిషిని ఫిక్స్‌డ్ గేరు ఎక్కించే ధైర్యం నాకు లేదు. "పది నిమిషాలు ఆగు మామా" అని వెనక చక్రం విప్పి, తిరగేసి ఫ్రీవీల్ వైపు వేశాను. ఆ వైపు 18 పళ్లది పెట్టి ఉంచాను. ఒక పన్ను తేడాకి ఇరుసు మూడు మిల్లీమీటర్లు ముందుకి జరుగుతుంది, చీలికలో చోటుంది. చైను బిగువు చూసి, రెండు బ్రేకులూ పట్టి చూసి ఇచ్చాను.

వీధి చివర దాకా వెళ్లి, తిరిగొచ్చేటప్పుడు తొక్కడం ఆపేసి, సీటు మీద నిటారుగా కూర్చుని వచ్చాడు. ఫ్రీవీల్ టకటకమంటోంది. అమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "తేలిగ్గా ఉందిరా, నా కాలంలో ఇంత తేలిగ్గా లేదు. రేప్పొద్దున చంద్రగిరికి దీని మీదే పోతా" అన్నాడు.

చక్రం అలాగే ఉంచాను. రాత్రి ట్యూబుల్లో గాలి చూసి, నట్లు ఇంకోసారి బిగించాను.